జనగామల నేపాలోళ్ళ సంఘం

జనగామల మాకు కిరాయిల్లు దొరికిన తీరు తలుసుకుంటె ఇప్పటికీ నవ్వొస్తది. ఇల్లుగలామె మా బాపును కింది నుంచి మీది దాక ఒక్కసారి చూసి, "ఆంధ్రోళ్ళా?" అని అడిగింది.

"కాదమ్మా, నేపాల్" అన్నడు బాపు.

"అట్లనా. అయితే ఏం ఫికర్ లేదు, మనోళ్ళే" అని తాళంచెవి చేతుల పెట్టింది.

గంతే. దేశం సరిహద్దు దాటి, రైళ్ళు మారి, ఎవ్వల మాట ఎవ్వలకు సమజ్ గాని ఊర్లు దాటుకుంట వచ్చిన మేము, ఒక్క నిమిషంల మనోళ్ళం అయిపోయినం. మా అర్రకు ఎదురుంగ టిఫిన్ హోటల్ నడిపేటాయన గుంటూరు దిక్కు నుంచి వచ్చి ఇరవై ఏండ్లు దాటింది. ఆయన పిల్లలు ఈ ఊర్లనే పుట్టిండ్రు. ఆయన మాత్రం పరాయోడు. తెలంగాణ కావాలని ఊరూర లొల్లి నడుస్తున్న కాలమది. ఆ కాలంల మనిషి ఎంత దూరం నుంచి వచ్చిండన్నది ఎవ్వలు పట్టించుకోలే, ఏ దిక్కు నుంచి వచ్చిండన్నదే ముచ్చట.

మా బాపు గూర్ఖా. రాత్రంత సీటీ ఊదుకుంట, కర్ర నేలకు తాటించుకుంట జనగామ బజార్లు తిరిగేటోడు. నేను పుట్టకముందు నుంచే ఆయన ఇక్కడ, మా అమ్మ అక్కడ గుట్టల మీద. రెండేండ్లకోపారి వచ్చి మొఖం చూపిచ్చి పోయేటోడు. నాకు పదేండ్లు వచ్చినంక మా ఊరి బడి మూతపడ్డది. మాకున్నదే ఒక్క సారు, ఆయన మలేషియా పోయిండు. ఆయన జాగల రావాల్సిన సారు ఖతార్ పోయిండు. ఇగ చదువు చెప్పేటోళ్ళంత దేశాలు పట్టుకపోతుంటె చదువుకునేటోళ్ళం మేమెందుకు ఉండాలె అని, బాపు నన్ను, అమ్మను జనగామకు తోలుకొచ్చిండు.

అమ్మకు రాబుద్ధి కాలే. రానంటె రానన్నది. ఆఖరికి ఇద్దరు ఒక ఒప్పందం చేసుకున్నరు. దివాలి దాక చూసుడు. అప్పటికి నేను బడిల పడితె అందరం ఇక్కడనే ఉండుడు. పడకపోతె మా కాక దివాలికి ఇంటికి పోతడు గనుక, ఆయన వెంబడి అమ్మ, నేను వాపస్. కాక అంటె బాపు తమ్ముడు. మహబూబాబాద్‌ల, మా దిక్కు మానుకోట అంటరు, బస్టాండు కాడ నూడుల్స్ బండి పెట్టుకున్నడు. అసలైతె ఆయన దసరాకే పోవాల్సింది, ఉద్యమంల రైళ్ళు ఎప్పుడు నడుస్తయో ఎప్పుడు ఆగుతయో తెల్వక ఆగిపోయిండు.

నాకు మాత్రం వాపస్ పోవుడు పాణం మీదికొచ్చినట్టుండె. అక్కడికి పోతె నా బతుకు గడ్డిమోపు, నీళ్ళ బిందె, ఆ రెండింటి నడుమ ఒక గుట్ట. ఇక్కడ బడి ఉంది, కరెంటు ఉంది, బాపు ఉన్నడు. ఎట్లన్న చేసి దివాలి లోపట బడిల పడాలని దేవునికి మొక్కుకున్న.

మరునాడే బాపు నన్ను సర్కారు బడికి తోలుకపోయిండు. గేటుకు ఇంత పెద్ద తాళం. బాపు కర్రతోని రెండుసార్లు కొట్టిండు, అలవాటు గద. అటు పోతున్న ఒకాయన ఆగి, "బడి ఎక్కడిదయ్యా, సమ్మె నడుస్తుంటె. సార్లంత టెంట్ల ఉన్నరు, పో" అన్నడు.

టెంటు చౌరస్తా కాడ ఉండె. రిలే నిరాహార దీక్ష టెంటు. రిలే దీక్ష అంటె ఏంది అంటె, పొద్దుగాల ఒక జట్టు పూలదండలు ఏసుకొని కూసుంటది, పొద్దుమీకి నిమ్మరసం తాగి లేస్తది, మరునాడు ఇంకో జట్టు వచ్చి కూసుంటది. మా అమ్మ ఏకాదశి నాడు గంతకన్న గట్టి ఉపాసం ఉంటది. ఆమెకు ఎవ్వలు ఎన్నడు దండ ఎయ్యలే.

బడి హెడ్‌మాస్టరు సారు ఆ దినం దండ ఏసుకొని నడిమిట్ల కూసున్నడు. బాపు చెప్పులు ఇడిసి ముందట నిలబడ్డడు.

"సార్, మా బిడ్డను జర బడిల తీసుకోండ్రి."

"బడి ఏదయ్యా ఇప్పుడు? నేను పోయి తాళం తీసి పేరు రాసుకుంటె సమ్మె ఇరిచినట్టు గాదా? నన్ను ద్రోహి అంటరు."

"మరి ఎప్పుడు తీస్తరు సార్?"

"తెలంగాణ ఇచ్చినంక."

"ఎప్పుడిస్తరు సార్?"

సారు పక్క సారు దిక్కు చూసిండు. ఆ సారు ఇంకో సారు దిక్కు చూసిండు. బాపు అట్లనే నిలబడ్డడు. రాత్రంత నిలబడేటోనికి పగటిపూట నిలబడుడు ఒక లెక్కనా. ఆఖరికి హెడ్‌మాస్టరుకే పాపమనిపిచ్చింది. "పేరు రాసుకునుడు తర్వాత చూద్దాం. పోరిని ఈడ కూసోబెట్టి పో. అది ఖాళీనే, మేము ఖాళీనే" అన్నడు.

ఇగ చూడుండ్రి నా అదృష్టం. బళ్ళు బందు పెట్టిన ఆ సమ్మెల, జనగామల రోజు చదువుకున్న పోరిని నేనే అయి ఉంట. బడి మొత్తం సార్లు, మేడమ్‌లు, నేనొక్కదాన్నే పిల్లను. పాఠం చెప్పకపోతె సార్లకు నోరు దురదపెడ్తది అని అప్పుడే తెలిసింది. లెక్కల సారు చింతగింజలు పోసి ఎక్కాలు చెప్పేటోడు. నా నేపాలి అచ్చరాలు, హిందీ అచ్చరాలు ఒక్కటే అని తెలిసి హిందీ సారు, నన్ను తనే కని పెంచినట్టు మురిసిపోయేటోడు. తెలుగు మేడమ్‌కు పలక దొరకలే, బ్యానరు చూపిచ్చి చెప్పేది. అందరు పిల్లలకు అ, ఆ మొదలొస్తయి. నాకు మొదలు వచ్చిన అచ్చరం "సా". సాధించుకుందాం అని బ్యానర్ మీద బారెడంత రాసి ఉండె.

దానితోని ఒక తిప్పలు వచ్చింది. నాకు వచ్చిన తెలుగంత మైకుల నుంచి వచ్చిందే. మామూలుగ అడుగుడు ఎట్లనో నాకెవ్వలు నేర్పలే. ఒకనాడు దూపై, మా అర్ర ఎదురుంగున్న హోటల్‌కు పోయి, "నీళ్ళు ఇయ్యాలె. ఇచ్చేదాక కదలం" అన్న. ఆ గుంటూరాయన పాపం గాబరా పడ్డడు. అంతకుముందే ఆయన బోర్డు మీది ఆంధ్రా అన్న మాటకు నల్లరంగు పూసి, దాని మీద తెలంగాణ టిఫిన్స్ అని రాయించుకొని ఉన్నడు.

"ఏవమ్మా, నువ్వొచ్చి నెల కూడా కాలేదు, అప్పుడే నామీద ధర్నాయా?" అన్నడు. గిలాసల నీళ్ళిచ్చి, అడుగకముందే రెండు ఇడ్లీలు పెట్టిండు. నేను తిన్నంతసేపు నన్నే చూసిండు. "మీరు నేపాల్ నుంచొచ్చి లోకలయ్యారు. నేను గుంటూరు నుంచొచ్చి కాలేకపోయాను. ఎక్కడ తప్పు చేశానంటావ్?" అన్నడు. నాకు తెలుగు గంత రాలే అప్పటికి.

హెడ్‌మాస్టరు సారు మైకు పట్టుకుంటె మాత్రం టెంటు లేచిపోయేది. మన చదువులు మనకు, మన కొలువులు మనకు, మన పిల్లలు మన దగ్గర అని గొంతు పోయేదాక ఒర్లేటోడు. కొడుకును మాత్రం విజయవాడ దిక్కు హాస్టల్‌ల ఏసిండు. "అక్కడైతె చదువు గట్టిగ చెప్తరు" అని మైకు పక్కకు పెట్టినంక మెల్లగ అనేటోడు. చెప్పేటివి శ్రీరంగనీతులు అని వెనుక ఎవలో గొణిగేటోళ్ళు. ఆ సారు కొడుకొక్కడే కాదు, టెంట్ల కూసున్న సార్లల్ల సగం మంది పిల్లలు గట్లనే ఆ దిక్కు హాస్టళ్ళల్ల ఉండిరి. ఈ ముచ్చట కొస గూడ ఇప్పుడే చెప్పి పారేస్త. తెలంగాణ వచ్చినంక పెద్ద చదువుల సీట్ల కాడ, ఎవలు ఎక్కడ చదివితె అక్కడోళ్ళే అన్నరు. జనగామల చదివిన నేను లోకల్. జనగామల పుట్టిన సారు కొడుకు నాన్‌లోకల్. సారు కొన్నాళ్ళు నాతోని సరిగ మాట్లాడలే, ఆ రూలేదో నేనే నేపాల్ నుంచి మోసుకొచ్చినట్టు.

ఇగ అమ్మ ముచ్చట. నేను పొద్దుగాల టెంట్లకు పోతె పొద్దుమీకి ఇంటికి వచ్చేదాన్ని. బాపు రాత్రంత తిరిగొచ్చి పగలంత పండుకునేటోడు. అమ్మ ఆ ఒక్క అర్రల, పండుకున్న మనిషి పక్కన, సప్పుడు చెయ్యకుండ కూసునేది.

మా వాడ ఆడోళ్ళు ఊకునేటోళ్ళు కాదు. సాయం చేసుడంటె వాళ్ళ తర్వాతనే ఎవలైన. మా పక్కింట్ల దేవరుప్పుల నుంచి వచ్చి బిడ్డ దగ్గర ఉంటున్న ఒక అవ్వ ఉండె. ఆమె ముందట నడిస్తె మిగిలినోళ్ళు వెంబడి. రోజు మా గడపల దిగేటోళ్ళు. ఒకామె జొన్నరొట్టె తెచ్చేది, ఒకామె పాత చీర తెచ్చేది, ఒకామె ఉట్టిగనే వచ్చి చూసి పోయేది. తెలుగు మెల్లగ చెప్తె నేపాలోళ్ళకు సమజ్ గాదు, గట్టిగ ఒర్లితె అయితదని వాళ్ళ నమ్మకం. "తిన్నవా" అని అవ్వ అడిగితె చౌరస్తా దాక వినబడేది. బాపు నిద్రల నుంచి ఎగిరి లేచి, "తిన్న, తిన్న" అనేటోడు.

ఒకనాడు పుంటికూర తొక్కు, హోటలాయన గోంగూర పచ్చడి అంటడు, పెట్టిండ్రు అమ్మకు. మా గుట్టల మీద గంత కారం మనుషులు తినరు. అమ్మ కండ్ల నుంచి నీళ్ళు ధారలు కట్టినయ్. "సూడుండ్రి, పాపం, ఎంత సంబురపడ్డదో" అని అవ్వ ఇంకో ముద్ద పెట్టింది. మర్యాద గద, అమ్మ అది గూడ తిన్నది.

దసరా వచ్చింది. మాకు దసరా అంటె టీకా. బియ్యం పెరుగుల కలిపి, ఎర్ర కుంకుమ ఏసి, పెద్దోళ్ళు చిన్నోళ్ళ నొసటికి ఇంత మందంగ అద్ది దీవెనలిస్తరు. పండుగంత అదే. ఇంటికి పెద్ద అయినోళ్ళ చేతుల నుంచి టీకా పెట్టించుకోకపోతె ఆ ఏడు దిక్కులేని ఏడు అన్నట్టు. బాపు మాకిద్దరికి పెట్టిండు. అయినా అమ్మకు మనసు నిండలే. అక్కడైతె ఆమెకు నాయినమ్మ ఉంది, మేనత్తలు ఉన్నరు, ఇంటింటికి తిరిగి నొసలు నింపుకొని వస్తది. ఇక్కడ ఎవలున్నరని చూసి చూసి, పళ్ళెంల టీకా పెట్టుకొని అవ్వ దగ్గరికి పోయింది. పళ్ళెం ముందట పట్టి తల వంచింది.

అవ్వ ఆ ఎర్రటి మెతుకులు చూసింది. ప్రసాదం అనుకున్నది. రెండు చేతులు చాపి తీసుకొని, కండ్లకద్దుకొని, నోట్లో ఏసుకున్నది. మంచిగుంది అని పక్కనోళ్ళకు గూడ పంచింది. అందరు భక్తితోని తిన్నరు. అమ్మ వంచిన తల వంచినట్టే ఉన్నది.

నేనప్పుడు టెంట్ల ఉన్న. పొద్దుమీకి ఇంటికొస్తె అమ్మ ఈ ముచ్చట చెప్పి కడుపు పట్టుకొని నవ్వింది. నేను గూడ నవ్విన. నవ్వి నవ్వి ఆమె గోడ దిక్కు తిరిగి పండుకున్నది. ఉత్త పళ్ళెం గడప కాడనే ఉండె, నేను తీసి కడిగిపెట్టిన.

దివాలి దగ్గరికొస్తుంది. నా పేరు ఇంక ఏ బడిల ఎక్కలే. బాపు రోజు సారును అడుగుడు, సారు రోజు ఢిల్లీ దిక్కు చెయ్యి చూపెట్టుడు. కాక మానుకోట నుంచి ఫోన్ చేసి, మూడు టికెట్లా, ఒక్కటా అని అడుగుతుండె.

అప్పుడు టెంటోళ్ళకు ఒక ఆపతి వచ్చింది. రోజుకొక జట్టు కూసుండాలె గద. లాయర్లు కూసున్నరు, డాక్టర్లు కూసున్నరు, ఆటోలోళ్ళు, బట్టల దుకాణాలోళ్ళు, పించన్లు తీసుకునేటోళ్ళు, బ్యాండు కొట్టేటోళ్ళు, అందరు కూసున్నరు. ఒక్కొక్కరు రెండుసార్లు గూడ కూసున్నరు. రేపటికి జట్టు లేదు. టెంటు ఖాళీగ ఉంటె ఉద్యమం పరువేం గావాలె. హెడ్‌మాస్టరు సారు తల పట్టుకొని కూసుండి, చింతగింజలు లెక్కపెడుతున్న నన్ను చూసిండు.

"మీ నేపాలోళ్ళు ఎంతమంది ఉంటరే ఇక్కడ?"

"ముగ్గురు, సార్. మా బాపు, మానుకోటల కాక, భూపాలపల్లిల వరుసకు మామ."

"జనగామ, మానుకోట, భూపాలపల్లి" అని సారు వేళ్ళు మడిచిండు. అప్పుడు ఆ మూడు ఒకటే జిల్లా. "అయితె అది జిల్లా సంఘమే" అన్నడు.

పొద్దుమీకేసరికి బ్యానర్ తయారైంది. నేపాలీ సంక్షేమ సంఘం, సంఘీభావం అని. పరాయి దేశం పోతె మనోళ్ళ సంఘం ఏదన్న ఉంటదేమో, ఏమన్న సాయం చేస్తదేమో అని మంది ఎతుకుతరు. మాకు ఎతుకుడు లేకుండనే సంఘం దొరికింది. కాకపోతె అది మాకు సాయం చేసే సంఘం కాదు, మేము సాయం చేసే సంఘం. మాకు ఒక్క మనిషి మద్దతు కావాలని పోతె, వాళ్ళే మా మద్దతు తీసుకున్నరు. బాపుకు సారు చెప్పిన మాట ఒక్కటే, "మీరు వచ్చి కూసోండ్రి. మీ బిడ్డ సంగతి తర్వాత నేను చూసుకుంట."

కాక నూడుల్స్ బండి బందుపెట్టి ఎవలదో బైకు అడుక్కొని వచ్చిండు. మామ భూపాలపల్లిల బొగ్గు గని కాడ ఒక కాంట్రాక్టరు షెడ్డుకు కావలి. గని ఆగింది, మిషిన్లు ఆగినయ్, కావలి మాత్రం ఆగలే. దసరాకు ఒక్కరోజు సెలవడిగితె ఇయ్యని సూపర్‌వైజరు, దీక్ష అనంగనే, "ఉద్యమం పనైతె నన్ను అడుగుడేంది, పో" అన్నడట. ఏండ్ల సంది ఒకటే జిల్లాల ఉంటున్న ముగ్గురు నేపాలోళ్ళు ఒక్కకాడ కలిసి కూసునుడు గదే మొదటిసారి. మా సంఘాన్ని మేము పెట్టుకోలే, తెలంగాణ పెట్టింది.

ఆడోళ్ళు గూడ ఉండాలె అని అవ్వ అమ్మను చెయ్యి పట్టి గుంజుకొచ్చి కూసోబెట్టింది. దండ ఏసిండ్రు. అమ్మ దండల తల దాసుకున్నది.

బాపు రాత్రంత బజార్లు తిరిగి, సీటీ జేబుల ఏసుకొని, అటునుంచి అటే వచ్చి కూసున్నడు. తానం లేదు, నిద్ర లేదు. పదైంది, పదకొండైంది. పాటలు పాడుతున్నరు, డప్పులు కొడుతున్నరు. రోజు అది ఆయన పండుకునే యాళ్ళ. డప్పులు కాదు, ఆ నాడు అవ్వ ఒర్లినా లేచేటట్టు లేడు. మెడ ఒక దిక్కు వాలింది. ఆ తర్వాత మనిషే వాలిండు.

"సొమ్మసిల్లిండు" అని ఎవలో అన్నరు.

ఇగ చూడుండ్రి. డప్పులు ఆగినయ్. మంది మీద పడ్డరు. ఒకాయన నీళ్ళు చల్లిండు, ఒకాయన అరికాళ్ళు రుద్దిండు. బాపు గురక పెట్టుడు మొదలుపెట్టిండు. "ఊపిరాడ్తలేదు, గొంతుల గుర్రుమంటుంది" అన్నరు. హెడ్‌మాస్టరు సారు మైకు అందుకున్నడు. మన మట్టి కాదు, మన భాష కాదు, మన దేశం గూడ కాదు, అయినా మన కోసం పాణాలకు తెగించిండు ఈ నేపాలీ తమ్ముడు అన్నడు. పొద్దుగాల బాపు రొట్టె తిననే లేదు, అంతవరకు నిజమే.

నాకు ఎరుకే అది నిద్ర అని. కాకకు ఎరుకే, మామకు ఎరుకే. కాక నా మొఖం చూసిండు, నేను కాక మొఖం చూసిన. అంతమంది ఏడుస్తుంటె, అది నిద్రనే అని ఎవలు చెప్పాలె. కుక్కిన పేన్ల లెక్క కూసున్నం.

బాపును నలుగురు లేపి ఆటోల పెడుతుంటె అమ్మ చూసింది. దండతోనే లేచి ఉరికింది. మా భాషల గొంతెత్తి ఏడ్చింది. కాక ఉరికిపోయి చెవుల చెప్పిండు, "వదినా, ఏం కాలే, పండుకున్నడు అంతే" అని. అమ్మ ఇన్నది. తలూపింది గూడ. అయినా ఆగలే. నేల మీద కూసుండి, ఛాతి మీద కొట్టుకొని, ఎవ్వలు ఆపినా ఆగకుండ ఏడ్చింది. అది బాపు కోసం ఏడ్చిన ఏడుపు కాదు. ఆ అర్రల కూసుండి కూసుండి ఆపుకున్న ఏడుపంత, ఒక వంక దొరికితె బయటికొచ్చింది. టెంట్ల ఉన్న ఆడోళ్ళంత ఆమెను చుట్టుకొని ఏడ్చిండ్రు. నన్ను తర్జుమా చెయ్యుమని ఎవ్వలు అడుగలే.

అప్పుడు హెడ్‌మాస్టరు సారు నన్ను మైకు కాడికి గుంజి, తల మీద చెయ్యి పెట్టిండు. "ఈ బిడ్డ ఉద్యమం బిడ్డ. బడి తీసిన నాడు మొట్టమొదలు రాసే పేరు ఈ బిడ్డదే. నేను మాటిస్తున్న" అన్నడు. సప్పట్లు మోగినయ్. బాపు ఎన్ని దినాలు నిలబడి అడిగినా కాని పని, ఒక్కసారి పండుకుంటె అయింది.

దవాఖానల బాపుకు సలైన్ పెట్టిండ్రు. ఫ్యాను కింద, తెల్లటి చద్దరు మీద, పట్టపగలు, ఒక్కల లొల్లి లేకుండ కడుపునిండ పండుకున్నడు. లేచినంక భయపడుకుంట, "సార్, నాకేం కాలే, నిద్రొచ్చింది" అన్నడు డాక్టరుతోని. ఆ డాక్టరు కిటికీల నుంచి బయట నినాదాలు కొడుతున్న మందిని చూసిండు. "గీ మాట నాతోని అన్నవు, ఇంకెవ్వలతోని అనకు. ఇంకో గంట పండుకో" అన్నడు.

సమ్మె ఆగింది. తెలంగాణ మాత్రం అప్పుడు రాలే, ఇంక కొన్నేండ్లకొచ్చింది. దివాలికి ముందట బడి తాళం తీసిండ్రు. హెడ్‌మాస్టరు మాట తప్పలే. కొడుకు ముచ్చట ఎట్లున్నా, నా ముచ్చటల ఆయన మాట మీద నిలబడ్డడు, ఆ మంచి నేను మర్సిపోను. నా పేరు రాసుకొని, తల వంచుకొనే అడిగిండు, "తల్లిదండ్రులు కాకుండ ఈ ఊర్ల నీకు ఇంకెవరున్నరు?"

నా వెంట మా వాడంత వచ్చి ఉండె. "మేము లేమా" అన్నది అవ్వ. "మేమున్నం" అన్నరు ఆమె వెనుకున్న ఆడోళ్ళు. హోటలాయన గూడ తలుపు కాడ నిలబడి, "నేనూ ఉన్నానండీ" అన్నడు, ఎవలన్న వద్దంటరేమో అని మెల్లగ. నాకైతె సంతోషంతోని గాలిల తేలినట్టుంది. అమ్మ అందరికన్న వెనుక, గోడకానుకొని నిలబడి చూసింది.

ఆ పొద్దుమీకి ఆమె సంచి సదురుకున్నది.

నాకు సమజ్ కాలే. "నేను బడిల పడ్డ గదమ్మా. పడితె ఉండాలని గద ఒప్పందం" అన్న.

"పడితె నువ్వు ఉండాలె" అన్నది.

బాపు చుట్ట ముట్టిచ్చుకొని బయట కూసున్నడు. నాకు కోపమొచ్చింది. సంచిల నుంచి చీరలు తీసి కింద పారేసిన. "ఇంతమంది ఉన్నరు మనకు. ఎవ్వలకుంటరు గింతమంది? ఎట్ల పోతవు?" అన్న.

అమ్మ చీరలు ఏరుకొని మళ్ళ మడత పెట్టింది. "నీకున్నరు" అన్నది. "వాళ్ళు బంగారం. నాకు రోజు తిండి తెచ్చిపెట్టిండ్రు, చీర పెట్టిండ్రు, నాతోని ఏడ్చిండ్రు గూడ. కాని ఇక్కడికొచ్చిన కాడి నుంచి నేను నవ్వుకుంట ఒక్క మనిషితోని ఒక్క ముచ్చట చెప్పలే. నిన్ను ఇట్లాంటోళ్ళ నడుమ పెట్టి పోవుడే నా పని. అయిపోయింది."

"తెలుగు నేర్చుకో మరి" అని ఒర్లిన. అమ్మ సంచి మూతి కట్టింది. నాకు ఇప్పటికీ ఆమె మీద ఆ కోపం పోలే. ఆమె అన్నదంత నిజమే. అయినా పోలే.

రైలెక్కిచ్చెటందుకు వాడంత జనగామ స్టేషన్‌కొచ్చింది. అవ్వ తొక్కు సీసా తెచ్చింది, దారిల తినెటందుకు. హోటలాయన ఇడ్లీలు పొట్లం కట్టి తెచ్చిండు. సార్లు వచ్చిండ్రు. కాక సామాను ఎక్కిచ్చి, అమ్మను కిటికీ కాడ కూసోబెట్టిండు. బాపు కిటికీ ఊచ పట్టుకొని నిలబడ్డడు. అందరు ఒక్కసారే గట్టిగ ఏందేందో చెప్తున్నరు, మంచిగ పో అని, మళ్ళ రా అని, పిల్ల మీద రంది పెట్టుకోకు అని. అమ్మ అందరి మొఖాలు చూస్తుంది. ఒక్క మాట తెలుస్తలేదు. దాని అర్థం ఇది, దీని అర్థం అది అని చెప్పాల్సిన నేను, బాపు అంగి కొస పట్టుకొని ఎనుక నిలబడ్డ.

రైలు కదిలింది. అలవాటు గద, మందిల ఎవలో చెయ్యి లేపి, "జై తెలంగాణ" అన్నరు. అందరు అందుకున్నరు.

అమ్మ కిటికీల నుంచి చెయ్యి బయటికి పెట్టింది. పిడికిలి బిగబట్టింది. నా దిక్కే చూసుకుంట, "జై తెలంగాణ" అన్నది. మళ్ళొకసారి అన్నది. ఆమె నోటెంబడి తెలుగు మాట నేను ఇనుడు గదే మొదలు. ఆమెకొచ్చిన తెలుగంత గంతే. పోయొస్త అనెటందుకు, నా బిడ్డను జర చూడుండ్రి అనెటందుకు, నా మీద కోపం పెట్టుకోకు బిడ్డా అనెటందుకు, ఆమె దగ్గర ఇంకో మాట లేదు.

"చూసిండ్రా, నేపాల్ దాక పోయింది మన ఉద్యమం" అన్నడు హెడ్‌మాస్టరు సారు. ప్లాట్‌ఫారం మీద అందరు సప్పట్లు కొట్టిండ్రు.